పిల్లల మోచేయి విరిగితే: ఆపరేషనా? పిండికట్టా?

(చిల్లకల్లులో రోగుల కుటుంబసభ్యుల కోసం ఏర్పాటు చేసిన ఆరోగ్య అవగాహన సమావేశంలో ఎముకల వైద్యుని ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం పిల్లల మోచేతి ఎముక విరగడం గురించి మాట్లాడుకుందాం. ఎక్స్‌రే చూసి డాక్టరు "ఆపరేషన్ అవసరం" అనగానే ఇంటిల్లిపాదికీ కాళ్ళు చేతులు ఆడవు. తల్లి ఏడుపు మొదలుపెడుతుంది. తండ్రి ఫోను పట్టుకుని బయటకు వెళతాడు. అవతలి నుండి ఒక బంధువు "చిన్నపిల్లాడికి ఆపరేషన్ ఎందుకురా, కట్టు కడితే అదే అతుక్కుంటుంది" అంటాడు. ఇంకొకరు "ఆలస్యం చేయకండి, చేయి పోతుంది" అంటారు. ఇద్దరూ పిల్లవాడి మేలు కోరేవారే. మరి ఎవరి మాట వినాలి?

నిజానికి ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. కొన్ని విరుగుళ్ళకు పిండికట్టు చాలు. వాటికి ఆపరేషన్ చేయడం అనవసరం. కొన్నిటికి ఎంత మంచి పిండికట్టు వేసినా ఎముక నిలవదు, చేయి వంకరపోతుంది, లేదా అంతకంటే పెద్ద ప్రమాదం జరుగుతుంది. ఏది ఏ రకమో తెలిస్తే భయం తగ్గుతుంది, సరైన నిర్ణయం సరైన సమయానికి తీసుకోగలుగుతాం. అందుకే ఈ నాలుగు మాటలు.

ఎవరికి, ఎలా విరుగుతుంది?

పిల్లల మోచేతి దగ్గర విరిగే ఎముకల్లో ఎక్కువ భాగం దండచేయి ఎముక కింది చివర, మోచేతికి కాస్త పైన విరిగేవే. అయిదు నుండి ఏడేళ్ళ మధ్య పిల్లల్లో ఇది ఎక్కువ. పడిపోయేటప్పుడు మనిషి సహజంగానే చేయి చాచి నేలకు ఆనించుకుంటాడు. ఆ వయసు పిల్లల కీళ్ళు బాగా సాగుతాయి. చాచిన మోచేయి వెనక్కి వంగి, బరువంతా ఆ పల్చటి ఎముక మీద పడి విరుగుతుంది.

మన చిల్లకల్లు, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతంలో పిల్లలు ఎక్కడెక్కడ పడతారో మీకు నేను చెప్పనక్కరలేదు. సీమచింత చెట్టు, వేపచెట్టు, పిట్టగోడ లేని డాబా, ఆగి ఉన్న ట్రాక్టరు తొట్టి, తనకంటే పెద్ద సైకిలు, చివరికి ఇంట్లో మంచం కూడా. మిరపకోతల రోజుల్లో అమ్మానాన్నలు చేలోకి వెళితే పిల్లలు ముసలివాళ్ళ దగ్గర ఉంటారు. ఆ వెంటనే వేసవి సెలవులు. పిల్లల్ని ఆడవద్దని కట్టిపడేయలేం. కానీ డాబాకు పిట్టగోడ కట్టించడం, మెట్ల దగ్గర తలుపు పెట్టించడం మన చేతిలో పనే.

ఇక్కడ ఒక చిన్న మాట. అయిదేళ్ళలోపు పిల్లల్ని ఒంటిచేత్తో పట్టి గుంజినప్పుడు, చేతులు పట్టుకుని గిరగిరా తిప్పినప్పుడు పిల్ల ఒక్కసారిగా ఏడ్చి, ఆ చేయి కదపడం మానేస్తుంది. వాపు ఉండదు. ఇది విరగడం కాదు. మోచేతిలోని చిన్న ఎముక తన పట్టీలో నుండి కాస్త జారడం. డాక్టరు చేత్తో ఒక్క నిమిషంలో సరిచేస్తారు. కట్టు కూడా అక్కరలేదు. అయితే పడిన దెబ్బ అయినా, వాపు ఉన్నా, ముందు ఎక్స్‌రే తీయాల్సిందే.

మోచేయి మిగతా ఎముకల వంటిది కాదు

"మా పెద్దవాడికి మణికట్టు దగ్గర విరిగితే వంకరగా అతికినా ఏడాదిలో దానంతట అదే సరి అయిపోయింది. ఇది మాత్రం ఎందుకు సరికాదు?" అని చాలామంది అడుగుతారు. మంచి ప్రశ్న. దీనికి మూడు కారణాలు ఉన్నాయి.

మొదటిది, ఎదుగుదల. పిల్లల ఎముక చివర్లలో పెరిగే భాగం ఉంటుంది. ఎక్కడ పెరుగుదల ఎక్కువో అక్కడ వంకర కూడా కాలక్రమేణా సరి అవుతుంది. మణికట్టు దగ్గర పెరుగుదల చాలా ఎక్కువ. దండచేయి ఎముక మాత్రం సుమారు 80 శాతం భుజం వైపు నుండే పెరుగుతుంది. మోచేతి వైపు పెరిగేది 20 శాతమే. అందువల్ల మోచేతి దగ్గర పక్కకు వంగి అతికితే ఆ వంకర అలాగే ఉండిపోతుంది.

రెండవది, ఎముక ఆకారం. దండచేయి ఎముక పైన గుండ్రంగా కర్రలా ఉంటుంది. కిందికి వచ్చేసరికి అట్లకాడలాగా వెడల్పుగా, పల్చగా అయిపోతుంది. ఆ పల్చటి అంచు మీద అంచు నిలబెట్టడం కష్టం. చేత్తో సరిగ్గా కూర్చినా మళ్ళీ జారుతుంది, తిరుగుతుంది.

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది. ఆ ఎముకకు ఆనుకుని చేతికి రక్తం తీసుకుపోయే పెద్ద రక్తనాళం, వేళ్ళను ఆడించే మూడు నరాలు వెళతాయి. విరిగిన ఎముక మొన ముందుకు పొడుచుకు వస్తే వాటిని నొక్కుతుంది, గుచ్చుతుంది. బాగా జరిగిన విరుగుళ్ళలో సుమారు పదిమంది పిల్లల్లో ఒకరికి ఏదో ఒక నరం దెబ్బతిని ఉంటుంది. ఆ నరాలు చాలావరకు మూడు నుండి ఆరు నెలల్లో వాటంతట అవే కోలుకుంటాయి. రక్తనాళం సంగతి అలా కాదు. అక్కడ గంటలు లెక్కపెట్టుకోవాలి.

విరుగుడులో మూడు రకాలు

అమెరికా వైద్యుడు గార్ట్‌లాండ్ 1959లో ఈ విరుగుళ్ళను మూడు రకాలుగా విభజించారు. నేటికీ ప్రపంచమంతటా డాక్టర్లు ఇదే లెక్క వాడుతున్నారు. మీ పిల్లవాడిది ఏ రకమో అడిగి తెలుసుకోండి.

మొదటి రకం: ఎముక చిట్లింది కానీ జరగలేదు. దీనికి ఆపరేషన్ అవసరం లేదు. మోచేయి వంచి, సుమారు మూడు వారాలు పిండికట్టు వేస్తే చాలు. వారం రోజులకు మరొక ఎక్స్‌రే తీసి, జరగలేదని నిర్ధారించుకోవాలి. ఇలాంటి విరుగుడుకు ఎవరైనా ఆపరేషన్ అంటే ఎందుకని మీరు ధైర్యంగా అడగవచ్చు.

రెండవ రకం: ఎముక ముందు వైపు విరిగి వెనక్కి వంగింది. కానీ వెనుక వైపు పొర ఇంకా పట్టి ఉంది. పచ్చి వేపకొమ్మను వంచితే ఒకవైపు విరిగి మరోవైపు పట్టి ఉన్నట్లు అన్నమాట. ఇక్కడ వైద్యుల్లో కూడా రెండు అభిప్రాయాలు ఉన్నాయి. వంపు కొద్దిగా ఉంటే పిండికట్టుతో చూడవచ్చు. వంపు ఎక్కువైనా, పక్కకు కూడా వాలినా, తిరిగినా, మత్తు ఇచ్చి సరిచేసి తీగలు వేయడం మేలు.

మూడవ రకం: ఎముక పూర్తిగా విరిగి రెండు ముక్కలూ విడిపోయాయి. దీనికి పిండికట్టు ఒక్కటే సరిపోదు. మత్తు ఇచ్చి, ఎముకను సరిచేసి, సన్నని తీగలతో నిలబెట్టాలి. ప్రపంచంలో ఎక్కడైనా ఈనాడు అనుసరించే పద్ధతి ఇదే.

"సరిచేశాక తీగలు ఎందుకు? గట్టిగా కట్టు వేస్తే ఆగదా?" అని అడుగుతారు. పూర్వం అలాగే చేసేవారు. ఆ చిక్కు ఏమిటో వినండి. విరిగిన ముక్క మళ్ళీ జారకుండా కట్టుతోనే నిలబెట్టాలంటే మోచేతిని బాగా ముడిచి, 90 డిగ్రీలు దాటి వంచి కట్టాలి. మోచేయి అప్పటికే వాచి ఉంటుంది. వాచిన మోచేతిని అంతగా ముడిస్తే లోపలి రక్తనాళం నలుగుతుంది. రక్తనాళం కోసం మోచేతిని కాస్త చాపితే ఎముక జారుతుంది. ఎముకను చూసుకుంటే రక్తం ఆగుతుంది, రక్తాన్ని చూసుకుంటే ఎముక ఆగదు. తీగలు ఈ చిక్కును విప్పాయి. ఎముకను తీగలు పట్టుకుంటాయి కాబట్టి మోచేతిని వదులుగా, రక్తానికి అడ్డు లేకుండా ఉంచవచ్చు.

ఆపరేషన్ అంటే ఏమి చేస్తారు?

ఆపరేషన్ అనగానే మనకు కత్తి, కోత, కుట్లు గుర్తుకు వస్తాయి. ఈ ఆపరేషన్‌లో చాలామంది పిల్లలకు కోతే ఉండదు. పూర్తి మత్తు ఇస్తారు. డాక్టరు చేతిని లాగి, వంచి, ఎముకను దాని స్థానంలోకి తెస్తారు. సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రంలో ఎముక తెర మీద కనిపిస్తూ ఉంటుంది. సరిగ్గా కూర్చున్నదని చూసుకుని, చర్మం మీదుగానే రెండు, మూడు సన్నని స్టీలు తీగలు ఎముకలోకి దించుతారు. జర్మనీ వైద్యుడు కిర్ష్‌నర్ 1909లో ప్రవేశపెట్టినందున వీటిని కె-వైర్లు అంటారు. తీగల చివరలు వంచి చర్మం బయటే ఉంచి, పైన కట్టు వేస్తారు.

మూడు, నాలుగు వారాల తర్వాత ఎక్స్‌రే తీసి, ఎముక అతుకుతున్నదని చూసి, ఓ.పి.లోనే తీగలు లాగేస్తారు. అందుకు చాలామంది పిల్లలకు మళ్ళీ మత్తు అవసరం ఉండదు. పిల్లవాడు ఒక్క క్షణం ఏడుస్తాడు, అంతే. ఎముకలో జీవితాంతం ఇనుము ఉండిపోతుందేమో అనే భయం అక్కరలేదు.

ఎముక చేత్తో సరిగా కూర్చోకపోయినా, మధ్యలో కండ ఇరుక్కున్నా, ఎముక చర్మం చీల్చుకుని బయటకు వచ్చినా, రక్తనాళం విడిపించాల్సి వచ్చినా అప్పుడు కోత పెట్టాల్సి ఉంటుంది. ఈ మాట డాక్టరు ముందే చెప్పి సంతకం తీసుకుంటారు. దానిని చూసి కంగారుపడకండి.

ఆపరేషన్‌లో ప్రమాదం అసలే లేదని చెప్పడం సరికాదు. కొద్దిమందిలో తీగ దిగిన చోట చీము పట్టవచ్చు. ఒక్కోసారి తీగ వదులు కావచ్చు. లోపలి వైపు నుండి తీగ వేసినప్పుడు చిటికెన వేలి నరానికి దెబ్బ తగలవచ్చు. ఇవి ఎక్కువ భాగం నయమయ్యేవే. వీటిని ఒకవైపు, ఆపరేషన్ చేయకపోతే జరిగే నష్టాన్ని మరోవైపు పెట్టి తూచినప్పుడు మూడవ రకంలో ఆపరేషన్ వైపే మొగ్గు ఉంటుంది. మొదటి రకంలో పిండికట్టు వైపే మొగ్గు ఉంటుంది. ఇదే అసలు విషయం.

బయటి ముక్క, లోపలి ముక్క

మోచేతిలో మరో రెండు విరుగుళ్ళ గురించి కూడా తెలుసుకోవాలి.

మోచేతి బయటి వైపు ముక్క విరగడం రెండవది. ఇది మోసకారి విరుగుడు. ఎక్స్‌రేలో చిన్న గీతలా కనిపిస్తుంది. వాపు కూడా తక్కువే. కానీ చిన్నపిల్లల మోచేతిలో చాలా భాగం ఇంకా మెత్తని మృదులాస్థిగానే ఉంటుంది, అది ఎక్స్‌రేలో కనిపించదు. పైకి గోరంత కనిపించినా లోపల పెద్ద ముక్కే విడి ఉంటుంది. అందుకే డాక్టరు కొన్నిసార్లు బాగున్న రెండో చేతికి కూడా ఎక్స్‌రే తీయిస్తారు. "దెబ్బ లేని చేతికి డబ్బు దండగ" అనుకోవద్దు. రెండూ పక్కపక్కన పెట్టి పోల్చడానికే అది.

ఈ ముక్క రెండు మిల్లీమీటర్ల లోపు జరిగి ఉంటే పిండికట్టు వేయవచ్చు. కానీ కట్టులో ఉండగానే ఇది జారవచ్చు కాబట్టి అయిదారు రోజులకు మళ్ళీ ఎక్స్‌రే తప్పనిసరి. ఈ ఎక్స్‌రే మానేయడం వల్లనే ఎక్కువ నష్టం జరుగుతుంది. రెండు మిల్లీమీటర్లకు మించి జరిగితే ఆపరేషన్ చేసి తీగలు వేయాలి. చేయకపోతే ఆ ముక్క అతకదు. పిల్ల పెరిగేకొద్దీ మోచేయి బయటికి వంగుతుంది. ఎన్నో ఏళ్ళ తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కి పట్టు తప్పుతుంది. అప్పటికి చిన్ననాటి దెబ్బ ఎవరికీ గుర్తు కూడా ఉండదు.

మోచేతి లోపలి వైపు ఉన్న చిన్న బుడిపె ఊడడం మూడవది. ఇది కాస్త పెద్ద పిల్లల్లో, తొమ్మిది నుండి పద్నాలుగేళ్ళ వారిలో ఎక్కువ. చాలాసార్లు మోచేయి కీలు తప్పడంతో పాటు వస్తుంది. ఆ ముక్క కీలు సందులో ఇరుక్కుంటే ఆపరేషన్ తప్పదు. ఇరుక్కోకుండా కేవలం జరిగి ఉంటే మాత్రం, ఆపరేషన్ మేలా, కట్టు మేలా అని వైద్యులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. ఈ సందేహం తీర్చుకోవడానికే 2019లో బ్రిటన్ వైద్యులు ఒక పెద్ద పరిశోధన మొదలుపెట్టారు. తల్లిదండ్రుల అంగీకారంతో, లాటరీ తీసినట్లు, కొందరు పిల్లలకు ఆపరేషన్, కొందరికి కట్టు ఇచ్చి ఫలితాలు పోల్చే పద్ధతి అది. దీనిని బట్టి మీరు గ్రహించవలసింది ఒకటే. ఈ రకం విరుగుడులో ఒక డాక్టరు ఆపరేషన్ అని, మరొకరు కట్టు అని అంటే అందులో ఒకరు మోసం చేస్తున్నారని కాదు. కానీ మూడవ రకం విరుగుడుకు ఈ మాట వర్తించదు. అక్కడ సందేహానికి చోటు లేదు.

పుత్తూరు కట్టు మాట

ఇప్పుడు మీ అందరి మనసులో ఉన్న ప్రశ్నకు వద్దాం. "పుత్తూరు కట్టు కట్టిస్తే సరిపోదా?"

రాయలసీమలోని పుత్తూరు మనకు 400 కిలోమీటర్లకు పైగా దూరం. అయినా ఆ పేరుతో బోర్డులు ఊరూరా కనిపిస్తాయి. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డపట్టీలు వాడి కట్టే పద్ధతికి తరతరాల పేరు ఉంది. ఆ పేరు ఊరికే రాలేదు. జరగని విరుగుళ్ళు కదలకుండా ఉంచితే చాలు, అవే అతుకుతాయి. పిల్లల ఎముకలు మరీ తొందరగా అతుకుతాయి. పైగా కోత లేదు, ఖర్చు తక్కువ, ఆసుపత్రిలో ఉండే పని లేదు. అలా బాగైన వారిని మనం చూస్తాం, నమ్ముతాం. అందులో తప్పు లేదు.

కానీ పిల్లల మోచేయి దగ్గరకు వచ్చేసరికి లెక్క మారుతుంది. మోచేయి విరిగిన మొదటి రెండు రోజులు వాపు పెరుగుతూ పోతుంది. బద్దలు పెట్టి చుట్టూ బిగించి కట్టిన కట్టు వదులు కాదు. బయటికి పొంగే దారి లేక వాపు లోపలికి నొక్కుతుంది. ముంజేతి కండకు రక్తం ఆగిపోతుంది. ఆరు గంటలు అలా ఉంటే కండ చచ్చిపోవడం మొదలవుతుంది. చచ్చిన కండ మళ్ళీ బతకదు. నారలాగా కుంచించుకుపోయి వేళ్ళను లోపలికి లాగేస్తుంది. పిల్లవాడి చేయి కోడికాలు ముడుచుకున్నట్లు ముడుచుకుపోతుంది. జర్మనీ వైద్యుడు వోక్‌మన్ 1881లోనే దీనిని వివరించి, బిగుతు కట్ల గురించి హెచ్చరించారు. అప్పటికి ఎక్స్‌రే కూడా పుట్టలేదు. అది 1895లో వచ్చింది. 140 ఏళ్ళకు పైగా తెలిసిన ప్రమాదం ఇది. రక్తం పూర్తిగా ఆగితే చేయి కుళ్ళి తీసివేయాల్సిన పరిస్థితి కూడా వస్తుంది.

ఒక విషయం న్యాయంగా చెప్పుకోవాలి. ఈ ప్రమాదం నాటు కట్టుకే పరిమితం కాదు. ఆసుపత్రిలో వేసిన పిండికట్టు కూడా బిగుతైతే ఇదే జరుగుతుంది. ఎవరు కట్టారన్నది కాదు, ఎంత బిగుతుగా ఉంది, ఎవరు కనిపెట్టి చూస్తున్నారు అన్నదే ముఖ్యం. అందుకే ఆసుపత్రిలో మొదట పూర్తి కట్టు వేయకుండా ఒకవైపు దొన్నెలాంటి సగం కట్టు వేసి, గంట గంటకూ వేళ్ళు చూస్తారు.

కావున నా విన్నపం ఇది. మోచేయి వాచిన పిల్లకు ఎక్స్‌రే తీయకుండా ఎవరి చేతా కట్టు కట్టించకండి, లాగించకండి, తోమించకండి. ముందు ఎక్స్‌రే, తర్వాతే మిగతా మాటలు.

పడిన వెంటనే ఇంటి దగ్గర ఏమి చేయాలి?

చేతిని ఎలా ఉందో అలాగే ఉంచండి. వంకరగా ఉన్నా సరిచేయవద్దు. కాస్త వంపుగా, నొప్పి లేని భంగిమలో ఒక అట్టముక్క గానీ, మడిచిన వార్తాపత్రిక గానీ కింద పెట్టి, చున్నీతో గానీ తువ్వాలుతో గానీ వదులుగా కట్టండి. మోచేతిని పూర్తిగా ముడిచి మెడకు కట్టవద్దు.

గాజులు, ఉంగరాలు, మొలతాడులా చేతికి కట్టిన దారాలు, తాయెత్తులు వెంటనే తీసేయండి. గంట తర్వాత వాపులో అవి రావు.

నూనె రాయవద్దు. వేడి కాపడం పెట్టవద్దు. గుడ్డలో చుట్టిన ఐసు ముక్కలు కాసేపు పెట్టవచ్చు.

పిల్లవాడికి తిండి, పాలు పెట్టకుండా తీసుకురండి. "పాపం ఏడుస్తున్నాడు" అని దారిలో టిఫిను, బిస్కెట్లు పెడతారు. కడుపు నిండా ఉంటే మత్తు ఇవ్వడానికి ఆరు గంటలు ఆగాలి. చేతికి రక్తం ఆగిన పిల్లకు ఆ ఆరు గంటలు ఎంత విలువైనవో ఆలోచించండి.

వేళ్ళు చల్లబడినా, తెల్లబడినా, నల్లబడినా, ఎముక బయటికి వచ్చినా 108కి ఫోను చేయండి. మన రాష్ట్రంలో 2005 నుండి ఈ అంబులెన్సు నడుస్తోంది. చిల్లకల్లు నుండి విజయవాడ సుమారు 70 కిలోమీటర్లు, హైవే మీద గంటన్నర లోపే. ఇలాంటి పిల్లను సి-ఆర్మ్, మత్తు డాక్టరు, ఎముకల డాక్టరు ముగ్గురూ ఉన్న చోటికే నేరుగా తీసుకువెళ్ళాలి. దగ్గరి ఆసుపత్రిలో మొదటి కట్టు వేయించుకుని, అక్కడ ఆపరేషన్ సౌకర్యం ఉందా లేదా అని వెంటనే అడిగి తెలుసుకోండి.

వేళ్ళు వెచ్చగా, ఎర్రగా ఉండి, కదులుతూ, నాడి అందుతూ ఉంటే మాత్రం అంత కంగారు లేదు. అలాంటి పిల్లకు రాత్రి సగం కట్టు వేసి ఉంచి, తెల్లవారాక ఆపరేషన్ చేసినా నష్టం లేదు. "రాత్రంతా పడుకోబెట్టారు, పట్టించుకోలేదు" అని బాధపడకండి. ఆ రాత్రి వేళ్ళు చూస్తూ ఉండడమే వైద్యం.

కట్టు వేశాక మీరు చూడవలసినవి

ఇంటికి వెళ్ళాక మొదటి రెండు, మూడు రోజులు తల్లే నర్సు. చేతిని దిండు మీద గుండె కంటే ఎత్తులో ఉంచండి. కట్టు తడవనివ్వకండి. ప్రతి రెండు గంటలకూ, రాత్రి కూడా లేచి, ఈ కింది వాటిని చూడండి.

1. నొప్పి: కట్టు వేశాక నొప్పి రోజురోజుకూ తగ్గాలి. మందు వేసినా పెరుగుతూ ఉంటే అది మంచి గుర్తు కాదు.

2. వేళ్ళు చాపడం: ముడిచిన వేళ్ళను మీరు మెల్లగా చాపితే పిల్ల భరించలేక కేక వేస్తే, అది కండకు రక్తం అందడం లేదనడానికి మొదటి గుర్తు. మిగతావన్నీ దీని తర్వాతే వస్తాయి.

3. రంగు, వేడి: గోరు నొక్కి వదిలితే తెల్లబడి, రెండు క్షణాల్లో మళ్ళీ ఎర్రబడాలి. రెండో చేతితో పోల్చి చూడండి.

4. కదలిక, స్పర్శ: బొటనవేలు, చూపుడు వేలు కలిపి సున్నా చుట్టమనండి. వేళ్ళు విడదీయమనండి. తిమ్మిరిగా ఉందేమో అడగండి.

వీటిలో ఏది తేడాగా కనిపించినా తెల్లవారే దాకా ఆగకండి. అర్ధరాత్రి అయినా రండి. దారిలో ఉండగానే ఫోను చేస్తే కట్టు ఎలా వదులు చేయాలో చెబుతారు. పిల్ల అదే పనిగా ఏడుస్తుంటే "మారాం చేస్తున్నాడు" అని కోప్పడకండి. మాటలు రాని పిల్లకు ఏడుపే భాష.

కట్టు తీశాక: తోమకండి, లాగకండి

కట్టు విప్పగానే మోచేయి బిర్రుగా ఉంటుంది, పూర్తిగా చాపలేదు. అది సహజం. ఇక్కడే పెద్దలు ప్రేమతో పొరపాటు చేస్తారు. నూనె రాసి గట్టిగా తోముతారు. బలవంతంగా వంచుతారు. బకెట్టు మోయిస్తారు, చేతికి ఇసుక సంచి వేలాడదీస్తారు. వీటివల్ల మోచేయి చుట్టూ కండలో కొత్త ఎముక పెరిగి, కీలు శాశ్వతంగా బిగుసుకుపోవచ్చు. ఇది ఎముక విరగడం కంటే పెద్ద బాధ.

పిల్లను తన మానాన ఆడుకోనివ్వండి. అన్నం తన చేత్తో తిననివ్వండి, జుట్టు దువ్వుకోనివ్వండి, బంతి విసరనివ్వండి. అదే వ్యాయామం. చాలామందిలో కదలిక కొన్ని వారాల్లోనే చాలావరకు తిరిగి వస్తుంది. చివరి కొంచెం రావడానికి కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది పట్టవచ్చు. ఓపిక పట్టండి. చెట్లు ఎక్కడం, సైకిలు తొక్కడం మాత్రం డాక్టరు చెప్పేవరకు ఆపండి.

ఇప్పటికే పాత విరుగుడు వంకరగా అతికి, మోచేయి లోపలికి వంగిన పిల్లలు కూడా మన ఊళ్ళలో ఉన్నారు. ఆ వంకర వల్ల చాలామందికి పనికి ఇబ్బంది ఉండదు, చూపుకే లోపం. కావాలంటే తర్వాత ఎముకను కోసి సరిచేసే ఆపరేషన్ ఉంది. అలాంటి పిల్లను "వంకరచేయి" అని పిలవకండి, పిలవనివ్వకండి. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో ఆ మాట ఎముక కంటే లోతుగా గుచ్చుకుంటుంది.

ఖర్చు, నిర్ణయం

కూలిపని మానుకుని పిల్లను తీసుకువచ్చిన వారికి ఖర్చు భయం ఉంటుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, మన రాష్ట్రంలో 2024 నుండి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి, మీ పిల్లవాడి ఆపరేషన్ అందులో వర్తిస్తుందా అని మొదటే అడగండి. రేషన్ కార్డు, ఆధార్ కార్డు వెంట తెచ్చుకోండి. కోదాడ వైపు నుండి వచ్చేవారికి తెలంగాణ ఆరోగ్యశ్రీ వేరుగా ఉంటుందని గమనించగలరు. విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి కూడా ఉందని మరువకండి.

సంతకం పెట్టేముందు డాక్టరును ఈ అయిదు ప్రశ్నలు అడగండి. విరుగుడు ఏ రకం? ఎముక ఎంత జరిగింది? నాడి, వేళ్ళు బాగున్నాయా? ఆపరేషన్ చేయకపోతే ఏమవుతుంది? కట్టుతో చూస్తే మళ్ళీ ఎక్స్‌రే ఎప్పుడు? ఈ ప్రశ్నలు అడగడం డాక్టరును అనుమానించడం కాదు. అడిగే హక్కు మీకు ఉంది, చెప్పే బాధ్యత మాకు ఉంది.

ఇంకొక మాట. నిర్ణయం తీసుకునేటప్పుడు ఊళ్ళో ఉన్న పెద్దలందరికీ ఫోను చేసి, హైదరాబాదులో ఉన్న బాబాయి వచ్చేదాకా ఆగి, మంచిరోజు చూసి మొదలుపెడదాం అనుకోకండి. పెద్దల మాట వినడం మంచిదే. కానీ వారు ఎక్స్‌రే చూడలేదు, పిల్లవాడి వేళ్ళు తాకి చూడలేదు. ఎక్స్‌రే చూసి, వేళ్ళు తాకి చూసిన తల్లిదండ్రులు మీరు. మీ ఇద్దరూ కలిసి నిర్ణయించండి. తల్లి మాటకు కూడా విలువ ఇవ్వండి. రాత్రంతా పిల్ల పక్కన మేలుకుని ఉండేది ఆమే.

చివరిగా గుర్తుంచుకోవలసినవి:

జరగని ఎముకకు పిండికట్టు, పూర్తిగా విడిపోయిన ఎముకకు తీగలు.

ఎక్స్‌రే లేకుండా కట్టు వద్దు. బిగుతు కట్టు ఎవరు కట్టినా వద్దు.

వారం తిరగకముందే రెండో ఎక్స్‌రే మానవద్దు.

వేళ్ళు చాపితే భరించలేని నొప్పి ఉంటే ఆ క్షణమే ఆసుపత్రికి.

కట్టు తీశాక తోమడం వద్దు.

ఈ చిన్న పుస్తకాన్ని మీ ఇంట్లో దాచుకోండి, చదవలేని ఇరుగుపొరుగు వారికి చదివి వినిపించండి. మీకు ఇంకా సందేహాలు ఉంటే ఇప్పుడే అడగండి, కూర్చుని మాట్లాడుకుందాం.